ప్రార్థనలో నిద్ర వస్తే విశ్వాసం తగ్గినట్టేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తల్లులు రాసినవే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి, అంటే ఒడిశా వైపు ఉన్న మన తెలుగు సంఘాల నుంచి వచ్చినవి. ఎవరి కష్టం వాళ్లదే అయినా అందరూ అడిగింది ఇంచుమించు ఒక్కటే: కష్టం వచ్చినా కదలని విశ్వాసం మాకెందుకు లేదు, ఎలా వస్తుంది అని. నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు తీసేశాను. మొదటి ఉత్తరంలో ఒక పిల్లవాడి ప్రాణం విషయం ఉంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మాది రాయగడ. మా ఆయనది ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఏడేళ్లు, వాడికి ఫిట్స్ ఉన్నాయి. విశాఖపట్నంలో చూపించి మాత్రలు వాడుతున్నాం, కొన్ని నెలలుగా ఫిట్స్ రాలేదు. పెళ్లికి ముందు యూత్ మీటింగుల్లో గంటల తరబడి కన్నీళ్లతో ప్రార్థన చేసేదాన్ని. ఇప్పుడు మోకరించగానే నిద్ర ముంచుకొస్తుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక సోదరి, "నీకు నిజంగా విశ్వాసం ఉంటే మాత్రలు ఆపేసి దేవుడి మీద భారం వేయి, మాత్ర ఇస్తున్నావంటే సందేహిస్తున్నట్టే" అన్నారు. అప్పటినుంచి మాత్ర ఇచ్చినప్పుడల్లా పాపం చేస్తున్నట్టు ఉంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: తల్లీ, ముందు ఇది వినండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మాత్రలు ఆపొద్దు. ఒక్క పూట కూడా ఆపొద్దు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ మళ్లీ రావడమే కాదు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుంది. సాధారణంగా కనీసం రెండేళ్లు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిస్తే అప్పుడు డాక్టరే పరీక్షలు చూసి, ఆపవచ్చు అనుకుంటే మోతాదును నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తారు. ఆ నిర్ణయం డాక్టరుది. ప్రార్థన కూడికలో ఎవరో అన్న మాటతో తీసుకునేది కాదు, ఆ అన్నవాళ్లు ఎంత భక్తి గలవాళ్లయినా సరే.

మళ్లీ ఎప్పుడైనా ఫిట్ వస్తే వాడిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, మెడ దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేయండి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు, కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టొద్దు. చేతిలో తాళాలు పెడితే ఫిట్ ఆగదు. వెంటనే గడియారం చూడండి, 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చుట్టూ మూగి తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసేవాళ్లను కాస్త వెనక్కి జరగమని చెప్పండి, వాడికి గాలి ఆడాలి. నాలుగడుగుల దూరంలో నిలబడి చేసినా దేవుడు ఆ ప్రార్థన వింటాడు.

ఇప్పుడు విశ్వాసం సంగతి. మీ ఇంటి పరిస్థితికి అచ్చంగా సరిపోయే సంగతి మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ఒక తండ్రి తన కొడుకును యేసు దగ్గరికి తీసుకొస్తాడు. ఆ పిల్లవాడు కింద పడిపోతాడు, నోట నురుగు వస్తుంది, పళ్లు కొరుకుతాడు, ఎన్నోసార్లు నిప్పులోనూ నీళ్లలోనూ పడ్డాడు. చిన్నప్పటినుంచీ ఇంతే అంటాడు తండ్రి. ఈ నాలుగు మాటలు చదివినప్పుడు, రాత్రిళ్లు మెలకువగా కూర్చుని పిల్లవాడి ఊపిరి గమనించే తల్లులందరూ నాకు గుర్తొస్తారు. ఆ తండ్రి యేసుతో ఏమన్నాడు? నమ్ముతున్నాను, నాలో ఉన్న అపనమ్మకం పోయేలా సాయం చేయి అన్నాడు. సందేహం ఉందని ఒప్పుకున్నాడు, అందరి ముందూ, గట్టిగా. పూర్తి విశ్వాసం వచ్చాక రా అని యేసు అతన్ని వెనక్కి పంపలేదు. ఆ సగం విశ్వాసంతో వచ్చిన తండ్రి కొడుకునే లేవనెత్తాడు. ఇంత స్పష్టంగా రాసి ఉండగా ఒక అలసిపోయిన తల్లిని పట్టుకుని నీ విశ్వాసం చాలదు అనడానికి మనకెవరికీ హక్కు లేదు, ఈ మాట రాస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంది.

మందు వాడితే సందేహించినట్టే అన్నది వాక్యంలో లేని మాట. రెండవ రాజులు 20వ అధ్యాయం చూడండి. హిజ్కియా రాజు చావుకు దగ్గరై ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విని, ఇంకా 15 ఏళ్లు ఆయుష్షు ఇస్తానని యెషయా ప్రవక్త ద్వారా చెప్పాడు. మాట ఇచ్చేశాడు కదా, ఇక మందెందుకు? అయినా అదే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడు, కొలొస్సయులకు రాసిన పత్రిక చివర్లో పౌలే ఆ సంగతి రాశాడు. తన శిష్యుడు తిమోతికి కడుపు బాగుండక తరచు జబ్బు చేస్తుంటే, ఇంకా ఎక్కువ ప్రార్థన చేయి అని ఊరుకోలేదు, ఆ రోజుల్లో మందుగా వాడే ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని రాశాడు. అంతదూరం కూడా వెళ్లక్కర్లేదు, మీ జిల్లాలోనే బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి ఉంది కదా. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ దాన్ని మొదలుపెట్టారు. దేవుడి మీద నమ్మకంతోనే ఆమె అంత దూరం వచ్చి, కొండల మధ్య ఆసుపత్రి పెట్టి మందులు ఇచ్చారు.

నిద్ర గురించి అడిగారు. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి పొద్దున్నే టిఫిను, పెద్దవాడికి స్కూలు బాక్సు, చిన్నవాడికి టైముకి మాత్ర, రాత్రి మళ్లీ వాడి మంచం పక్కన సగం నిద్ర. ఇలా నెలలు గడిపిన మనిషి కళ్లు మూసుకుంటే నిద్రే వస్తుంది. అది శరీరం, దాన్ని చేసింది దేవుడే. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు దూతను పంపి ముందు ఏం చేయించాడో మొదటి రాజులు 19లో చదవండి. గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. లేచి తిను అన్నాడు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారి కూడా లేపి తినమనే చెప్పాడు. మాట్లాడ్డం ఆ తర్వాత, చాలా దూరం నడిచాక. కాబట్టి వారంలో ఒక పూట మీ ఆయనకో, మీ అమ్మగారికో చిన్నవాణ్ణి అప్పజెప్పి మీరు కంటినిండా పడుకోండి. దాన్ని సోమరితనం అనుకోవద్దు.

పెళ్లికి ముందు వచ్చిన కన్నీళ్లు ఇప్పుడు రావడం లేదంటే దేవుడు దూరమైనట్టు కాదు. అప్పుడు మీకు వంట లేదు, పిల్లలు లేరు, చుట్టూ పాటలు, మీ వయసువాళ్లు. ఇప్పటి మీ విశ్వాసాన్ని ఆ రోజుల ఊపుతో కొలవకండి. విశ్వాసంలో నిలబడడం అంటే ఏ రోజూ మనసు చలించకపోవడం అని చాలామంది అనుకుంటారు, నేను అలా అనుకోను. చలించిన రోజు కూడా ఆయన దగ్గరికే వెళ్లడం. పిల్లలు లేని హన్నా ఏటేటా అదే గుడికి, అదే బాధతో వెళ్లింది. చివరికి ఆమె ప్రార్థన ఎలా ఉందంటే పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం రావడం లేదు, యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. చూసేవాళ్లకు అది ప్రార్థనలాగే కనపడలేదు! మీ కునుకుపాటు ప్రార్థన కూడా పక్కవాళ్లకు అలాగే కనపడొచ్చు.

రోజూ గంట ప్రార్థన చేయమని నేను మీకు చెప్పను. పిల్లల్ని స్కూలుకి పంపాక, గిన్నెలు ముట్టుకోకముందు, కూర్చుని కాదు, కునుకు రాకుండా నిలబడి ఒక్క కీర్తన పైకి చదవండి. 13వ కీర్తనతో మొదలుపెట్టండి, ఆరే వచనాలు. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు అని దేవుణ్ణి నిలదీసే కీర్తన అది, అలా అడగడం ఆయనే నేర్పించాడు. ఇక మాత్ర ఇచ్చే వేళ ఒక పని చేయండి. మాత్ర వాడి చేతిలో పెట్టి, ప్రభువా ఈ మందును దీవించు అని వాడితోనే చెప్పించండి. ఇప్పుడు భయంతో ఇస్తున్న ఆ నిమిషమే మీ ఇద్దరికీ కుటుంబ ప్రార్థన అవుతుంది. నీ జబ్బు అమ్మ విశ్వాసం తక్కువై తగ్గడం లేదు అన్న మాట ఎవరి నోటినుంచీ వాడి చెవిన పడకుండా చూసుకోండి. పిల్లలు అలాంటివి మరచిపోరు.

ఆ సోదరితో గొడవపడక్కర్లేదు. కానీ మీ పాస్టరుగారికీ పాస్టరమ్మగారికీ ఈ సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే రేపు ఆ మాట విని ఇంకో తల్లి షుగర్ మాత్రలో, టీబీ మాత్రలో ఆపేస్తుంది.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పెళ్లయ్యాక నేను ప్రభువును నమ్ముకున్నాను. మా ఆయన, అత్తగారు నమ్మలేదు. మార్గశిర గురువారాల్లో అత్తగారు ఇల్లంతా కడిగి బియ్యప్పిండితో ముగ్గులు వేసి లక్ష్మీపూజ చేస్తారు, నన్నూ కూర్చోమంటారు. నేను ఆదివారం మందిరానికి వెళ్తే మా ఆయన రెండు రోజులు మాట్లాడరు. పాపకి ఆరేళ్లు. నాన్నకి చెప్పొద్దని చెప్పి దొంగచాటుగా సండే స్కూలుకి తీసుకెళ్తున్నాను. విశ్వాసం కోసమే కదా, తప్పు లేదంటారా?

జవాబు: తప్పే చెల్లీ. మీ విశ్వాసంలో తప్పేమీ లేదు, దొంగచాటుగా తీసుకెళ్లడమే తప్పు. ఆరేళ్ల పాపకి యేసు గురించి మొదట తెలిసింది ఇది నాన్న దగ్గర దాచవలసిన సంగతి అని. ఆ బరువు మోసే వయసా అది? పాప ఏదో ఒకరోజు నోరు జారుతుంది, అప్పుడు ఇంట్లో జరిగే గొడవకి తానే కారణం అనుకుంటుంది. ఈ వారమే ఆపేయండి. మీ ఆయన మనసు కాస్త బాగున్న పూట చూసి, పాపని ఆదివారం గంటసేపు నాతో తీసుకెళ్తాను, మీకు ఇష్టం లేకపోతే చెప్పండి అని ఉన్నదున్నట్టు అడగండి. వద్దంటారేమో. అనొచ్చు.

వద్దంటే ఇంక దారి లేదనుకోకండి. తిమోతి తల్లి యూనీకేని గుర్తు చేసుకోండి. ఆమె భర్త గ్రీసు దేశస్థుడు. తిమోతికి చిన్నప్పుడు సున్నతి కూడా జరగలేదని అపొస్తలుల కార్యములు 16లో తెలుస్తుంది, ఒక యూదు తల్లికి అది ఎంత పెద్ద లోటో ఆలోచించండి. అంటే ఇంట్లో ఆమె అనుకున్నట్టు జరగలేదు. అయినా పసితనం నుంచే కొడుక్కి లేఖనాలు తెలిసేలా పెంచింది, అమ్మమ్మ లోయి తోడుంది. గుడికి తీసుకెళ్లడం ఒక్కటే దారి అయితే ఆమె ఏమీ చేయగలిగేది కాదు. పాపకి జడ వేస్తూ, పక్కలో పడుకోబెట్టుకుని దావీదు కథ, యోసేపు కథ చెప్పుకోవచ్చు. వాళ్ల నాన్న వింటుండగానే చెప్పండి, దాచకుండా. కథ వింటే ఆయన కూడా ఏమీ అనరని నా నమ్మకం.

అత్తగారి పూజ విషయం. పూజలో నేను కూర్చోలేనత్తయ్యా, ఇల్లు కడగడం, సరుకులు తేవడం, వంట మాత్రం నాకు వదిలేయండి అని చెప్పి నిజంగానే ఆ పనంతా చేయండి. ముఖం ముడుచుకుని మూల గదిలో తలుపు వేసుకుంటే ఆమెకి మీ దేవుడి గురించి తెలిసేది ఏమిటి? ప్రసాదం ముట్టుకోవాలా వద్దా అన్న దాని మీద మన సంఘాల్లోనే ఒక్కొక్కరిది ఒక్కో మాట. మొదటి కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు మీరే చదివి, మీ పాస్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకోండి. ఏది నిర్ణయించుకున్నా పెద్దావిడ చేతిలోంచి పళ్లెం తోసేయడం లాంటివి మాత్రం వద్దు.

మాట లేకుండానే ప్రవర్తన వల్ల భర్త రాబట్టబడవచ్చు అని పేతురు రాసిన మాటను మీకు చాలామంది చెప్పే ఉంటారు. అది నిజం. కానీ ఆ మాటను భర్త చెయ్యి చేసుకున్నా భరించమనడానికి వాడేవాళ్లున్నారు, అది పేతురు మాట కాదు. మీ ఉత్తరంలో కొట్టడం గురించి లేదు, అయినా చదివేవాళ్లలో ఎవరికైనా ఆ పరిస్థితి ఉంటే 181కి ఫోన్ చేయండి, అది మహిళల హెల్ప్‌లైన్. ఫోన్ చేస్తే విశ్వాసం లేనట్టు కాదు.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను. ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు 5,000 ఖాతాలో పడింది. మా ఊరు వచ్చిన ఒక సేవకుడు, ఆ మొత్తం విత్తనంగా విత్తితే సంవత్సరం తిరిగేలోపు నూరంతలు వస్తుందన్నారు. ఇవ్వకపోతే దేవుణ్ణి నమ్మనట్టా? గ్రూపు లోను కిస్తీ కూడా ఉంది.

జవాబు: ఇవ్వొద్దు. కిస్తీ కట్టండి, పిల్లల పుస్తకాలు, చెప్పులు కొనండి. తీసుకున్న అప్పు తీర్చడం కూడా దేవుడి ముందు మీ మాట నిలబెట్టుకోవడమే. బలవంతం మీద కాకుండా హృదయంలో నిశ్చయించుకున్నంత సంతోషంగా ఇవ్వమని రెండవ కొరింథీయులకు 9లో ఉంది. మీ సంఘంలో మీరు ఎప్పటిలా వేసే కానుక వేయండి. నూరంతలు వస్తుందని లెక్క చెప్పి డబ్బు అడిగేవాళ్లను, వాళ్లు ఎంత పెద్ద ప్రార్థనాపరులైనా, ఇంటి గడప దగ్గరే వందనాలు చెప్పి పంపేయండి.

ప్రశ్న: బరంపురం. మా ఆయన సూరత్‌లో మగ్గాల పనిలో ఉన్నారు, ఏడాదికోసారి వస్తారు. బాబు ప్లస్ టు చదువుతున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో పెట్టే బైబిలు బడి, వీబీఎస్‌లో వాక్యాలన్నీ వాడే ముందు చెప్పేవాడు. ఇప్పుడు మందిరానికి రానంటున్నాడు. అక్కడ చెప్పేది నాకు అర్థం కాదు, ఊరికే కూర్చుంటాను అంటాడు. ఒడియా మీడియం చదువు, తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. సంఘంలో నా పెంపకం గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఒక్కదాన్నే ఏడుస్తున్నాను.

జవాబు: అమ్మా, బాబు ఒక నిజం చెప్పాడు, దాన్ని తిరుగుబాటు అనుకోకండి. తెలుగు బైబిల్లోని "చుచున్నాడు, యుండెను" భాష తెలుగు మీడియంలో చదివిన పిల్లలకే కొరకరాని కొయ్య. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఫోనులో హిందీ, ఇంగ్లీషుతో పెరిగిన కుర్రాడికి అది ఎలా ఎక్కుతుంది? చిన్నప్పుడు వాక్యాలు గడగడా చెప్పాడంటే విని కంఠస్తం పట్టాడు. ఇప్పుడు వాడికి అర్థం కావాలి. అది మంచిదే, ఎదుగుతున్నాడు.

వాడికి ఒడియా బైబిలు కొనిపెట్టండి. సెరంపూర్‌లో మిషనరీ విలియం కేరీ బృందం రెండు వందల ఏళ్ల క్రితమే ఒడియాలో బైబిలు అచ్చు వేసింది, అది మనది కాదన్నట్టు దూరం పెట్టుకోవడం ఎందుకు? మీకు దగ్గరలోని పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తిగారు సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర భాష నేర్చుకున్నారు. ఆయన పట్టుదల వేరే కారణానికి, కానీ పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న ఆ మాట మన సండే స్కూళ్లకూ అవసరమే. పెంతెకొస్తు రోజున జనం ఎవరి భాషలో వాళ్లు విన్నారని కదా మనం నమ్ముతున్నాం. మీరు తెలుగులో మార్కు సువార్త చదవండి, అదే భాగం వాడు ఒడియాలో చదవనీ. వాడికి అర్థమైంది మీకు చెప్పమనండి. మీకు తెలియని సంగతులు వాడే చెప్తాడు, చూడండి. సంఘ పెద్దలతో మాట్లాడి, కుర్రాళ్లకు నెలకోసారైనా ఒడియాలో వాక్యం చెప్పించమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, మీలాంటి తల్లులు అక్కడ ఇంకా ఉంటారు.

కొడుకు కోసం ఏళ్ల తరబడి కన్నీళ్లు కార్చిన తల్లుల్లో అందరికంటే ఎక్కువ గుర్తొచ్చేది మోనికా. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో ఉండేది. కొడుకు అగస్టీను చాలా తెలివైనవాడు, తల్లి విశ్వాసాన్ని వదిలి వేరే మతంలో తిరిగాడు, తల్లికి చెప్పకుండా ఓడెక్కి రోముకి వెళ్లిపోయాడు. ఆమె వెనకాలే మిలాను దాకా వెళ్లింది. 387లో అతను బాప్తిస్మం తీసుకున్నాడు, అదే ఏడాది ఆమె చనిపోయింది. ఆమె భర్త కూడా చాలాకాలం నమ్మనివాడే, చివరి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాడు, పర్లాకిమిడి చెల్లి ఈ సంగతి కూడా చదవాలి. మీ అందరికీ ఇలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను, ఎవరూ ఇవ్వలేరు. అయితే ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. మిలానులో అగస్టీను మనసు మారడానికి ఒక కారణం అంబ్రోసు అనే బిషప్పు, అతని సందేహాలకు జవాబు ఇవ్వగలిగిన మనిషి. తల్లి కన్నీళ్లతోపాటు అలాంటి మనిషి కూడా కావాల్సి వచ్చింది. మీ బాబుకి అలాంటి మనిషిని వెతకండి. సంఘంలో చదువుకున్న అన్నయ్య ఒకరు, కసురుకోకుండా వినేవాడు, ఒడియా బాగా వచ్చినవాడు.

పెంపకం గురించి మాట్లాడేవాళ్లను వదిలేయండి. భర్త దూరంగా ఉండి ఒంటిచేత్తో పెంచడం ఏమిటో వాళ్లలో చాలామందికి తెలియదు. వాళ్ల ఎదుట పరువు కోసం బాబుని మందిరానికి లాక్కెళ్లొద్దు. అలా లాక్కెళితే ఇది అమ్మ పరువు వ్యవహారం, దేవుడికి దీంతో పనిలేదు అని వాడికి అర్థమవుతుంది. వాళ్ల నాన్న రాత్రి పని అయ్యాక ఫోన్ చేస్తారు కదా, పెట్టేసేముందు ఒక రెండు నిమిషాలు ముగ్గురూ కలిసి ప్రార్థన చేయండి. ఆయనే చేయాలి, సూరత్ నుంచి. నాన్న కూడా నమ్ముతాడని, ఒక్కడే గదిలో ఉండి ప్రార్థన చేస్తాడని బాబుకి తెలియాలి. బాబు నోరు విప్పకపోయినా పరవాలేదు, పక్కన కూర్చుంటే చాలు.

వాడు ప్రశ్నలు అడుగుతాడు. దేవుడుంటే తిత్లీ తుఫాను ఎందుకు, నాన్న ఎందుకు సూరత్‌లో ఉండాలి, ఇలాంటివి. తెలియనివాటికి తెలియదనే చెప్పండి, కోప్పడకండి. ఆ ప్రశ్నలు వాడినే కాగితం మీద రాయమని ఈ శీర్షికకు పంపించండి. ఒడియాలో రాసినా సరే, చదివించుకుని జవాబు రాస్తాను.